సమాధుల తోటలో గోడ: నాటిక ఆడించబోతున్న ఒక యువ అధ్యాపకుడికి

నాయనా,

నీ ఉత్తరమూ, పిల్లలు రాసిన నాటికా అందాయి. ముందు నాటిక చదివి, తర్వాతే ఉత్తరం విప్పాను. అదే మంచిదైంది. ఉత్తరం ముందు చదివి ఉంటే నీ భయం కళ్లతోనే నాటికనూ చూసేదాన్ని.

కథ నిలబడుతుంది. ఒకే విచారణలో, అంటే ఒకే చర్చి పరిధిలో, ఒకే పీఠం ముందు మోకరిల్లే రెండు కులాల కుటుంబాలు. ముసలామె చనిపోతే సమాధుల తోటలో గోడకు ఏ పక్కన భూస్థాపన చేయాలన్న పేచీ. పిల్లలు దీన్ని గాలిలోంచి తేలేదు. తిరుచిరాపల్లి మేలపుదూరు కేథలిక్ శ్మశానంలో కులాల మధ్య ఉన్న గోడ గురించి పత్రికల్లో ఏళ్ల తరబడి వచ్చింది. మన ఊళ్లలో ఇటుకల గోడ లేకపోతే పెళ్లి సంబంధాల దగ్గర ఏ గోడ లేస్తుందో నీకూ తెలుసు, నాకూ తెలుసు, చర్చిలో పూజకు వచ్చే ప్రతివారికీ తెలుసు. మీ కేథలిక్ కళాశాలలో, ఫాదర్లూ సిస్టర్లూ ముందు వరసలో కూర్చునే వేదిక మీద దీన్ని ఆడించవచ్చా అని అడిగావు. ఆడించవచ్చు. కానీ నువ్వు మొదలుపెట్టాలనుకుంటున్న చోటు నాకు నచ్చలేదు.

భావప్రకటన స్వేచ్ఛ మా హక్కు అంటూ విద్యార్థుల సంతకాలతో ప్రిన్సిపాల్ గారికి వినతిపత్రం ఇస్తానన్నావు. ఇవ్వవద్దు. నువ్వు రాజ్యాంగం 19వ అధికరణం తీస్తే వాళ్లు 30వ అధికరణం తీస్తారు. మైనారిటీలు తమ విద్యాసంస్థలను తామే నడుపుకొనే హక్కు అందులో ఉంది. ఇక ఆ గదిలో నాటిక గురించి ఎవరూ మాట్లాడరు. వకీళ్ల మాటలే మిగులుతాయి.

వాళ్ల మాట మీదే నిలబడి అడుగు. భారత కేథలిక్ బిషప్పుల సమాఖ్య 2016 డిసెంబరులో దళిత సాధికారత విధానం అని ఒక పత్రం ప్రచురించింది. కేథలిక్ సంఘం లోపల కుల వివక్ష ఉందని ఒప్పుకుని, దాన్ని తొలగించాలని చెప్పిన పత్రం అది. అంతకుముందు 2003 నవంబరులో, రోమ్ వెళ్లిన తమిళనాడు బిషప్పులతో రెండో జాన్ పాల్ పోపు గారు క్రైస్తవుల మధ్య కుల దురభిమానం ఛాయ కనిపించినా అది నిజమైన సంఘీభావానికి విరుద్ధమని చెప్పారు. ఇంకా దగ్గరి ఉదాహరణ కావాలా? హైదరాబాద్ ఆర్చ్‌బిషప్ పూల ఆంథోనీ గారు 2022 ఆగస్టులో కార్డినల్ (పోపు తర్వాతి స్థాయి పెద్ద) అయినప్పుడు ‘తొలి దళిత కార్డినల్’ అని పత్రికలన్నీ రాశాయి, మనమూ గర్వపడ్డాం. ఆ రోజు ఆ మాటకు చప్పట్లు కొట్టినవాళ్లు ఈ రోజు మన సంఘంలో కులమే లేదని ఎలా అంటారు?

అన్నిటికన్నా బలమైన ఆధారం మరొకటి ఉంది. 1950 షెడ్యూల్డ్ కులాల ఉత్తర్వులోని మూడో పేరా వల్ల దళిత క్రైస్తవులకు ఎస్సీ హోదా లేదు. దానికి నిరసనగా ఏటా ఆగస్టు 10ని నల్లదినంగా పాటించమని పిలుపునిస్తున్నది బిషప్పులే. మతం మారినా కులం వదలలేదన్నదే కదా ఆ డిమాండుకు ఆధారం! ఢిల్లీకి చెప్పే మాటను మన హాలులో పిల్లలు చెబితే తప్పెలా అవుతుంది? ఈ ప్రశ్నను ప్రిన్సిపాల్ గారి ముందు మెల్లగా, నవ్వుతూ పెట్టు. గెలిచినట్టు మాత్రం ముఖం పెట్టకు.

తేదీ సంగతి కూడా ఇక్కడే తేలిపోతుంది. కాలేజీ డే నాడు వద్దు. ఆ రోజు ముఖ్య అతిథి ఉంటాడు, తల్లిదండ్రులుంటారు, డాన్సులకు ముందు ఏదో ఒకటి కానివ్వమంటారు. నవంబరులో దళిత విమోచన ఆదివారం వస్తుంది. ఆ వారంలో పెట్టుకో. మేత్రాసనం (బిషప్ గారి పాలనలోని ప్రాంతం) క్యాలెండరులో ఉన్న సందర్భానికి కళాశాల నాటిక వేసిందంటే అభ్యంతరం చెప్పేవాడు ముందు క్యాలెండరుకు అభ్యంతరం చెప్పాలి.

స్క్రిప్టును ఎవరి దగ్గరా దాచకు. కొందరు కుర్రాళ్లు పైకి ఒక ప్రతి చూపించి వేదిక మీద ఇంకొకటి ఆడతారు. అదొక సాహసంలా కనిపిస్తుంది. దాని తర్వాత పదేళ్లపాటు ఆ కళాశాలలో సంక్రాంతి ముగ్గుల పోటీ తప్ప మరేదీ జరగదు. పూర్తి ప్రతిని ప్రిన్సిపాల్ గారికి ఇవ్వు, కరస్పాండెంట్ గారికి ఇవ్వు. నీ కళాశాల ఎవరిదో కూడా గుర్తుంచుకో. మేత్రాసనం నడిపేదైతే బిషప్ గారి మాట నేరుగా చెల్లుతుంది. జెసూట్‌లనే గురువుల సభదో, సిస్టర్లదో అయితే వాళ్ల పై అధికారి, ప్రొవిన్షియల్, వేరు, లెక్క వేరు. వినతి ఏ బల్ల మీదికి వెళ్లాలో తెలియక చాలా మంచి నాటకాలు బల్లల మధ్యే ఆగిపోతాయి.

జెసూట్‌ల మాట వచ్చింది కాబట్టి ఒక ముచ్చట. బడిలో నాటకం ఆడించడాన్ని వాళ్లంత పట్టుగా సాగించినవాళ్లు అరుదు. ఫ్రెంచి నాటకకర్తలు కోర్నెయి, మోలియేర్ ఇద్దరూ వాళ్ల బడుల్లో చదివినవాళ్లే. అయినా 1599 నాటి వాళ్ల విద్యాప్రణాళికలో నాటకాలు అరుదుగానే ఉండాలి, లాటిన్‌లోనే ఉండాలి, విషయం పవిత్రంగా ఉండాలి, స్త్రీ పాత్ర గానీ స్త్రీ వేషం గానీ ఉండకూడదు అని రాసుకున్నారు. ఆ నియమం ఎన్నిసార్లు వంగిందో నాటకచరిత్ర చదివితే తెలుస్తుంది. కేథలిక్ బడికి నాటకం పరాయిది కాదు, నాటకమంటే భయమూ కొత్తది కాదు. ఈ ముక్క ప్రిన్సిపాల్ గారికి చెప్పు, టీ తాగుతూ.

అమెరికాలో జరిగింది కూడా తెలిసి ఉండాలి. 2006 జనవరిలో, స్త్రీల శరీరం, వాళ్ల మీద జరిగే హింస గురించి ఈవ్ ఎన్స్‌లర్ రాసిన ఏకపాత్రల నాటకం మీద రెండు కేథలిక్ విద్యాసంస్థల్లో గొడవ లేచింది. ప్రావిడెన్స్ కళాశాల అధ్యక్షుడు ఫాదర్ బ్రయన్ షాన్లీ ప్రాంగణంలో దాన్ని ఆడకూడదన్నారు. నోటర్‌డామ్ విశ్వవిద్యాలయ అధ్యక్షుడు ఫాదర్ జాన్ జెన్కిన్స్ అధ్యాపకుల మాట, విద్యార్థుల మాట బహిరంగంగా విని, ఏప్రిల్‌లో నిషేధించనని ప్రకటించారు. స్థానిక బిషప్ జాన్ డార్సీ గారు ఆ నిర్ణయాన్ని బాహాటంగానే తప్పుపట్టారు. ఒకే నాటకం, ఒకే సంఘం, ఒకే నెలలో లేచిన ప్రశ్న, రెండు జవాబులు. అంటే ఇలాంటివి ఆడితీరాలనీ ఆడరాదనీ ఎక్కడా రాసిపెట్టి లేదు. కుర్చీలో ఉన్న మనిషి తేలుస్తాడు. ఆ మనిషి చేతికి, రేపు బిషప్ గారు ఫోను చేస్తే చెప్పుకోగల కారణాలు నువ్వు అందించాలి. నోటర్‌డామ్‌లో ప్రదర్శన తర్వాత కేథలిక్ బోధనను కూడా వినిపించే చర్చ ఉండడం అలాంటి కారణమే. నువ్వూ చర్చ పెట్టు. ముగ్గురు చాలు: సంఘ బోధన తెలిసిన ఒక ఫాదర్, దళిత క్రైస్తవ ఉద్యమంలో పనిచేసిన ఒకరు, నాటిక రాసిన పిల్లల్లో ఒకరు. వందన సమర్పణ మూడు నిమిషాలు దాటనివ్వకు.

ఇప్పుడు నాటికలోకి వస్తాను. నీ విచారణ గురువు (ఆ చర్చి ఫాదర్) పాత్ర అట్టబొమ్మలా ఉంది. వచ్చిన దగ్గర నుంచీ పైకులం వాళ్ల వైపే మాట్లాడతాడు, ప్రేక్షకుడు రెండో నిమిషంలోనే అతన్ని వదిలేస్తాడు. అతనికి ఒక ఇబ్బంది ఇవ్వండి. గుడి పైకప్పుకు డబ్బిచ్చింది ఆ కుటుంబమే అయితే? అతనూ గోడకు అవతలి వాడే అయి, ఇన్నేళ్లుగా ఆ సంగతి ఎవరికీ చెప్పకుండా నెట్టుకొస్తుంటే? అప్పుడు ముందు వరసలోని ఫాదర్ కోప్పడలేడు, తల తిప్పుకోలేడు. నాలుగో పుటలో హీరో ఉపన్యాసం మొత్తం కొట్టేయండి. పరిషత్తు పోటీ నాటకాల నుంచి మనకు అంటుకున్న జబ్బు అది. చప్పట్ల కోసం ఆగే వాక్యాలు వద్దు.

పాత్రధారుల ఎంపిక దగ్గర నువ్వు రాసింది చదివి నాకు భయం వేసింది. తిట్లు పడే మనవడి వేషం ఆ కులం నుంచే వచ్చిన కుర్రాడికి ఇస్తే సహజంగా ఉంటుందన్నావు. వేదిక మీద సహజంగానే ఉంటుంది. మర్నాడు క్యాంటీన్‌లో ఎవడో ఆ సంభాషణలోని తిట్టుతోనే వాణ్ని పిలుస్తాడు, ‘నాటకంలోదేగా’ అంటాడు. వాడు నాలుగు సెమిస్టర్లు ఆ పేరు మోయాలి. వాడే కావాలని ముందుకొస్తే వేరు సంగతి. అప్పుడు కూడా ఇంట్లో వాళ్లతో మాట్లాడమను, నువ్వు ఒంటరిగా కూర్చోబెట్టి అడుగు, అందరి ముందు కాదు. కులం పేరుతో తిట్టడం ఎన్ని చోట్ల ఉందో చూడు. ఒక్కచోట ఉంచితే గుచ్చుకుంటుంది, ఏడు చోట్ల ఉంటే హాలులో నవ్వులు వస్తాయి. ఏది ఉంచాలో, ఏది తీయాలో ఆ పిల్లలనే తేల్చమను, నువ్వు తేల్చకు.

పూజను వేదిక మీద అనుకరించవద్దు. అసలైన పూజావస్త్రాలు, పానపాత్ర, సత్ప్రసాదం ఏవీ వద్దు. మెడలో జపమాల, ఒక చెక్క శిలువ, పక్క నుంచి వినిపించే పాట సరిపోతాయి. పిరికితనంతో చెప్పడం లేదు. అవి కనిపించిన క్షణం గొడవ కులం గురించి కాకుండా దైవదూషణ గురించి అవుతుంది, గోడను కాపాడాలనుకునేవాళ్లకు అంతకన్నా కావలసింది లేదు. మత భావాలను దురుద్దేశంతో గాయపరిచారన్న కేసు భారతీయ న్యాయసంహిత 299 కింద పెట్టవచ్చు. పాత శిక్షాస్మృతిలోని 295ఎ సెక్షనే అది. కేసు నిలవకపోవచ్చు, కానీ పంతొమ్మిదేళ్ల పిల్లలు స్టేషను మెట్లెక్కడమే ఒక శిక్ష.

ప్రిన్సిపాల్ గారి మనసులో ఇంకో భయం ఉంటుంది, ఆవిడ పైకి అనకపోవచ్చు. ఈ నాటిక ముక్క ఒకటి ఫోనులో చక్కర్లు కొట్టి, ‘చూశారా, వీళ్ల దగ్గరా ఇంతే’ అని సంఘం మీదే పగ ఉన్నవాళ్ల చేతిలో ఆయుధమవుతుందని. ఈ రోజుల్లో అది తీసిపారేయవలసిన భయం కాదు. ఆవిడ అడగకముందే నువ్వే ఎత్తు. ఐడీ కార్డు ఉన్నవాళ్లకే ప్రవేశం, గుమ్మం దగ్గర ఫోన్లు తీసుకోవడం, మొత్తం నాటికనూ చర్చనూ కళాశాలే రికార్డు చేసి తన దగ్గర ఉంచుకోవడం. ముక్క బయటికి వెళితే పూర్తిది చూపించడానికి మీ దగ్గర ఉంటుంది.

కోతలు అడుగుతారు. మాటలు అడిగితే ఇవ్వు. ఫలానా కులం పేరు బదులు ‘వాళ్లు’ అనమంటే అను, ప్రేక్షకుడికి అర్థమవుతుంది. ముగింపు మార్చమంటే, అంటే చివర్లో అందరూ చేతులు పట్టుకుని గోడ కూల్చేసి పాట పాడాలంటే, ఒప్పుకోవద్దు. అప్పుడు నాటిక వెనక్కి తీసుకోవడమే మేలు. ఆ సంగతి పిల్లలకు రిహార్సళ్లు మొదలుకాకముందే చెప్పు.

కాదంటే బయట ఆడదామని పిల్లలు అంటారు. ప్రావిడెన్స్ విద్యార్థులు ప్రాంగణం బయట ఆడారు. పిల్లలు ఆడుకోవచ్చు, వాళ్లను ఆపకు. నీ పేరు మాత్రం కరపత్రం మీద వేయించకు. నీది యాజమాన్యం ఇచ్చిన నియామకం, ఏటా పొడిగించేది. ఇంటి అద్దె నీ జీతం మీదే నడుస్తోంది. బయట ఆడే రోజు ప్రేక్షకుల్లో కూర్చో, అది చాలు. పిల్లల మీద విచారణ కమిటీ వేస్తే అప్పుడు మాత్రం వెళ్లి, స్క్రిప్టు చదివింది నేనే అని కాగితం మీద రాసి ఇవ్వు.

విచారణ గురువు పాత్ర తిరగరాశాక రెండో రంగం ఒక్కటే నాకు పంపు. మిగతాది ఇప్పుడే వద్దు, నా కళ్లు మునుపటిలా లేవు. అక్షరాలు పెద్దవిగా అచ్చు వేయించు.

ఆశీస్సులతో,
నీ మేడమ్