ఎవరి శ్రుతి వాళ్లది

అమ్మడూ,

వచ్చే నెల నుంచి పిల్లలకి సంగీతం పాఠాలు మొదలెడుతున్నావని మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. సంతోషంతో ఆ పూట ఏ పనీ తోచలేదు. రాత్రయ్యేసరికి బెంగ పట్టుకుంది. నువ్వు బాగా పాడతావు. బాగా పాడేవాళ్లకే పాఠం చెప్పేటప్పుడు ఓపిక తక్కువ, అదే నా భయం.

చిన్న సంగతులు ముందు చెప్పేస్తాను. ఫీజు ఎంతో మొదటి రోజే చెప్పెయ్, మొహమాటపడకు. టైముకి మొదలెట్టి టైముకి ముగించు. చేత్తో తాళం వేయకుండా ఎవర్నీ పాడనివ్వకు. స్వరం నోటికొచ్చాకే పుస్తకంలో రాయించు.

"పాట ఎప్పుడు నేర్పుతారు?" అని నెల తిరక్కుండానే తల్లిదండ్రులు అడుగుతారు. అడగనీ. సరళీ వరసల్ని, ఆ మొదటి స్వరాల పాఠాల్ని, తొందరగా దాటించకు. పురందరదాసు వేసిన దారి అని మనమంతా మాయామాళవగౌళ రాగంతో మొదలెట్టడం ఊరికే కాదు. స నుంచి రి ఎంత దూరమో, ప నుంచి ద అంతే. గ నుంచి మ ఎంతో, ని నుంచి పై స అంతే. పిల్ల ధైవతం (ద) దగ్గర తడబడితే "స రి" అనిపించి వెంటనే "ప ద" అనిపించు, చెవి తనే సర్దుకుంటుంది. తర్వాత వచ్చే మలహరి రాగం గీతాల్లో నిషాదమే (ని) ఉండదు, పైకెక్కే ఆరోహణలో గాంధారమూ (గ) ఉండదు. ఈ వరస పెట్టినవాళ్లకి పిల్లల సంగతి బాగా తెలుసు.

ఇక నాకు నిద్ర పట్టనివ్వని విషయం, శ్రుతి. ఎవరి స ఏ ఎత్తులో ఉండాలన్నది.

మీ నాన్నకి సంగీతం పట్టదనుకుంటావు కదూ? నీ కచేరీకి వచ్చి, వెనక వరసలో కూర్చుని, సగంలో లేచి వెళ్లిపోయాడని నా దగ్గర ఏడ్చావు. వాడు నాకంటే బాగా పాడేవాడే! ఇద్దరం ఒకే మాస్టారి దగ్గర నేర్చుకున్నాం. క్లాసులో ఆడపిల్లలమే ఎక్కువ, అందుకని అందరికీ ఆడగొంతుకి సరిపోయే ఐదున్నర శ్రుతే. చిన్నప్పుడు వాడికీ అది హాయిగానే ఉండేది. పదమూడో ఏడు వచ్చేసరికి గొంతు మారడం మొదలైంది. ఆ వయసులో మగపిల్లల గొంతు ఇంచుమించు ఒక స్థాయి, పై స నుంచి కింది స అంత, కిందికి దిగుతుందని మాస్టారికి తెలియక కాదు. ఒక్కడికోసం శ్రుతి మార్చాలంటే వాడికి వేరే టైము ఇవ్వాలి. ఇవ్వలేదు. తారషడ్జం, అంటే పై స, అందుకోవడానికి వాడు గడ్డం పైకెత్తి, మెడ నరాలు ఉబ్బేలా లాగేవాడు. గొంతు చీలిపోయేది. వెనక నుంచి కిసకిసలు. ఒకరోజు మాస్టారు మధ్యలో ఆపి, "నీకు గొంతు లేదురా, తాళం వేస్తూ కూర్చో" అన్నారు. ఆ వర్ణం అయ్యేదాకా తాళం వేశాడు, ఒక్క దెబ్బ తప్పలేదు. మర్నాటి నుంచి రాలేదు.

తర్వాత గొంతు కుదురుకుంది. బాగా కిందుండే ఒకటి శ్రుతిలో ఎంత నిండుగా పలికేదో! స్నానం చేస్తూ పాడుతుంటే వినేదాన్ని. తలుపు తీసేసరికి ఆపేసేవాడు.

మాస్టారు చెడ్డవారని కాదు. నాకొచ్చిన నాలుగు ముక్కలూ ఆయన పెట్టిన భిక్షే. ఈ ఒక్క విషయంలో మాత్రం నాకు ఆయన మీద కోపం పోదు.

అందుకే, చేరిన ప్రతి పిల్లకీ శ్రుతి విడిగా చూడు. కింద మంద్ర పంచమం (కింది ప) వినబడేలా పలకాలి, పైన తార పంచమం (పై ప) అరవకుండా అందాలి. చిన్నపిల్లలకి రెండువైపులా ఒకేసారి కుదరకపోతే పైషడ్జం హాయిగా పలకడం చూడు చాలు. గడ్డం లేచినా, భుజాలు బిగిసినా అర శ్రుతి దించు. పేరు పక్కన శ్రుతి, తేదీ రాసుకో, కొన్ని నెలలకోసారి మళ్లీ చూడు. పన్నెండు, పదిహేనేళ్ల మధ్య మగపిల్లల్ని మరీ కనిపెట్టి ఉండు. గొంతు మారేవాడికి శ్రుతి దించి, అందినంతలోనే పాడించు. మిగతా టైములో స్వరం విని రాయడం, తాళాలు, కృతుల్లో పదాలు విడగొట్టి అర్థం చెప్పడం, బోలెడు పనుంది. "గొంతు మారుతోంది నాన్నా, కుదురుకుంటుంది" అని వాడికి చెప్పు, నలుగురి ముందు చెప్పు. "గొంతు లేదు" అనే మాట నీ నోట వచ్చిందని తెలిస్తే నీ గుమ్మం తొక్కను.

ఆన్‌లైన్‌లో చెప్పేటప్పుడు కలిసి పాడబోకు, ధ్వని ఆలస్యంగా చేరుతుంది. తంబూరా వాళ్ల వైపు మోగాలి. నువ్వు పాడి ఆపు, వాళ్లు పాడాలి. ఎదురుగా ఉన్నా అదే పద్ధతి మంచిది. నువ్వు ఎప్పుడూ కూడా పాడుతుంటే పిల్ల నీ గొంతు మీద వాలిపోతుంది, సాయంత్రానికి నీ గొంతూ బొంగురుపోతుంది. చిన్నప్పుడు జలుబు చేస్తే మూడేసి రోజులు మాట రాని దానివి, మర్చిపోకు. రోజంతా క్లాసులు పెట్టుకోకు తల్లీ. నీ సాధనకి పొద్దున గంట వదులుకోకు.

మీ నాన్నని ఈ సంగతులు అడక్కు. చెప్పానని తెలిస్తే నన్ను తిడతాడు.

మొదటి నెల అయ్యాక ఆ శ్రుతుల పుస్తకం ఫోటో తీసి పంపు. అందరి పేర్ల పక్కనా ఒకే అంకె కనబడిందో, ఫోన్ చేసి నీ సంగతి చెబుతా.

ఆశీస్సులతో,
అత్తయ్య