మోచేతి దగ్గర మొదలుపెట్టు

చిరంజీవి అమ్మాయికి,

ఆశీస్సులు. శాండీ కోఫాక్స్ మీద నువ్వు రాసి పంపిన వ్యాసం రెండుసార్లు చదివాను. మొదటిసారి గబగబా, రెండోసారి పెన్సిల్ చేతిలో పట్టుకుని. లాస్ ఏంజెలెస్‌లో ఉద్యోగం చేసుకుంటూ, సెలవురోజుల్లో స్టేడియానికి వెళ్లి బేస్‌బాల్ నేర్చుకుని, 1966లోనే ఆట మానేసిన ఒక పిచర్ (బ్యాటర్‌కి బంతి వేసేవాడు) గురించి తెలుగులో రాయాలని నీకు తోచడం నాకు చాలా ముచ్చటేసింది. రాయి, తప్పకుండా రాయి. కాకపోతే మొదటి రెండు పేజీలూ పక్కన పెట్టెయ్యి.

ఆ రెండు పేజీల నిండా అంకెలే. 1965లో 382 స్ట్రయికౌట్లు (బ్యాటర్‌ని బంతి కొట్టనివ్వకుండానే అవుట్ చెయ్యడం), ఏడాదిలో మేటి పిచర్‌కిచ్చే సై యంగ్ అవార్డులు మూడు, అవతలి జట్టుకి ఒక్క హిట్ కూడా ఇవ్వని నో-హిట్టర్లు నాలుగు. అన్నీ నిజమే. కానీ బేస్‌బాల్ ఒక్కసారి కూడా చూడని మనవాళ్లకి 382 అంటే ఎక్కువో తక్కువో ఎలా తెలుస్తుంది? నేనైతే రెండు లెక్కలే ఉంచుతాను. మొదటి ఆరేళ్లలో అతనికి 36 గెలుపులు, 40 ఓటములు. తర్వాతి ఆరేళ్లలో 129 గెలుపులు, 47 ఓటములు. మనిషి అతనే, చెయ్యీ అదే. మధ్యలో ఏం జరిగిందని పాఠకుడు అడుగుతాడు. అడిగేదాకా వాణ్ణి తీసుకురా, అప్పుడు చెప్పు.

జరిగింది నీకు తెలుసు, ఒక్క వాక్యంలో తేల్చేశావు. 1961 వసంతకాలం, ఓర్లాండోలో ఒక ప్రాక్టీసు మ్యాచ్. బంతి ఎంత బలంగా విసిరితే అంత మంచిదనుకునే కుర్రాడు, బంతులు ఎటో పోతున్నాయి, పరుగు తీసేవాళ్లు ఆగే మూడు బేసులూ నిండిపోయాయి. బ్యాటర్ వెనక కూర్చుని బంతి పట్టే క్యాచర్ నార్మ్ షెర్రీ, పిచర్ నిలబడే మట్టి దిబ్బ, అంటే మౌండ్, దగ్గరకి నడిచివచ్చి, కాస్త బలం తగ్గించి వెయ్యమన్నాడు, కొడితే కొట్టనీ అన్నాడు. బలం తగ్గించాడు. బంతి మాత్రం వేగం తగ్గకుండా, అనుకున్న చోటికి వెళ్లడం మొదలైంది. ఇక్కడ నువ్వు ఒక పేజీ నిలబడాలి. ఆరేళ్లపాటు అటు గట్టివాడనీ ఇటు పనికిరాడనీ మాటపడ్డవాడికి, బిగించిన పిడికిలి కాస్త వదలమని ఎవరో చెప్పడం, అతను విని వదలడం చిన్న సంగతి కాదు. ఆ క్యాచర్ మౌండ్ దాకా నడిచిన ఆ కొన్ని అడుగులు నాకు కనిపించాలి.

ఇక అసలు సంగతి, మోచెయ్యి. నీ వ్యాసంలో అది తొమ్మిదో పేజీలో వచ్చింది. ఎందుకంత ఆలస్యం?

నేను రాయడం మొదలుపెట్టిన కొత్తల్లో ఒక ఆదివారం అనుబంధం కోసం మా ప్రాంతపు కబడ్డీ ఆటగాడి మీద వ్యాసం రాశాను. ఏయే ఊళ్లలో గెలిచాడో, ఎన్ని కప్పులు తెచ్చాడో అన్నీ ఏర్చికూర్చాను. అచ్చయ్యాక పత్రిక పట్టుకుని వాళ్లింటికి వెళ్తే, ఆయన భార్య మొత్తం చదివి, "మోకాలి సంగతి రాయలేదేమండీ?" అంది. పొద్దున్నే ఆయన్ని మంచం మీంచి లేపి నిలబెట్టేది ఆవిడే. ఆవిడ చదివింది ఆయన కథ కాదు. ఇన్నేళ్లయినా ఆ ప్రశ్న నన్ను వదల్లేదు. అందుకే నీ వెంట ఇంతగా పడుతున్నాను.

1964 ఆగస్టులో మిల్వాకీలో, రన్నర్‌గా ఉండగా రెండో బేస్‌కి వెనక్కి దూకి పడ్డాడు. ఎడమ మోచేతికి దెబ్బ. డాక్టర్ రాబర్ట్ కెర్లన్ ఆర్థ్రైటిస్, అంటే కీలు అరిగి వాచే జబ్బు, అని తేల్చాడు. ఆ తర్వాత రెండేళ్లూ అతని రోజులు ఎలా గడిచాయో చూడు: కీలులోకి వాపు తగ్గించే కార్టిసోన్ సూదులు, నొప్పికి మాత్రలు, ఆటకు ముందు చేతికి కాప్సోలిన్ అనే లేపనం, ఆటయ్యాక రబ్బరు తొడుగు వేసి ఐస్ నీళ్లలో చెయ్యి. కాప్సోలిన్ అంటే మిరప ఘాటు కలిపిన మందు. ఇది నువ్వు బ్రాకెట్లో పెట్టి వదిలేశావు! గుంటూరు జిల్లా కళ్లాల్లో మిరపకాయల తొడిమలు తీసే ఆడవాళ్ల చేతులు చూసి పెరిగిన పాఠకుడికి ఇంతకన్నా దగ్గరి మాట ఏముంటుంది? చిన్నప్పుడు మా ఇంట్లో పచ్చళ్ల రోజుల్లో రాత్రి మజ్జిగ గిన్నెలో వేళ్లు ముంచుకుని కూర్చునేవాళ్లం. ఆ మంటని అతను కావాలని, ఆటాటకీ భుజం నుంచి పూయించుకున్నాడు, లోపలి నొప్పి తెలియకుండా ఉండడానికి. ఆ మంట మనవాళ్లకి విడమరచి చెప్పక్కర్లేదు. ఆ చేత్తోనే 1965లో 335 ఇన్నింగ్స్‌కి పైగా, 1966లో 323 ఇన్నింగ్స్ వేశాడు (క్రికెట్‌లోలా కాదు, అక్కడ ఒక్కో ఆటకి తొమ్మిది ఇన్నింగ్స్). ఇక్కడ అంకెలు వెయ్యి, ఇక్కడ అవి బరువు తూగుతాయి.

ఒకే ఒక్క మ్యాచ్ పూర్తిగా చెప్పాలంటే, ఒక్క బ్యాటర్‌నీ బేస్ చేరనివ్వని అతని పర్ఫెక్ట్ గేమ్ ఎంచుకోకు. 1965 అక్టోబర్ 14, మిన్నెసోటాలో వరల్డ్ సిరీస్ (ఆ ఏడాది విజేతని తేల్చే ఆఖరి పోరు) ఏడో ఆట ఎంచుకో. మధ్యలో రెండే రోజుల విశ్రాంతి. కర్వ్ బాల్ తిరగడం లేదు. తనకున్న రెండు ఆయుధాల్లో ఒకటి మొరాయించింది. క్యాచర్ జాన్ రోజ్‌బరో, అతనూ కలిసి ఫాస్ట్‌బాల్ ఒక్కటే నమ్ముకుని తొమ్మిది ఇన్నింగ్సూ లాక్కొచ్చారు. 2-0తో గెలిచారు. అన్నీ కుదిరిన రోజు ఎవరైనా రాయగలరు. అదే సిరీస్ మొదటి ఆట, యూదుల పవిత్రమైన ఉపవాస దినం యోమ్ కిప్పుర్ నాడు పడితే యూదుడిగా ఆడకుండా ఆగిపోయిన సంగతి మాత్రం ఉపన్యాసం చెయ్యకుండా రెండు వాక్యాల్లో చెప్పి వదులు. అతను చేసింది అంత నిశ్శబ్దంగానే.

భాష గురించి ఒక్క మాట. పిచర్‌ని "బంతి విసరువాడు" అనకు. పిచర్, క్యాచర్, మౌండ్, స్ట్రయికౌట్ అనే రాయి. బౌలర్, వికెట్ అన్న మాటల్ని మనం ఎప్పుడో మనవి చేసుకోలేదూ? క్రికెట్‌తో పోలిక ఒక్కచోటే పనికొస్తుంది: మన బౌలర్ మోచెయ్యి వంచి విసిరితే నో-బాల్, అక్కడ వంచి కొరడాలా విదిలించడమే విద్య. అరవై అడుగుల ఆరంగుళాల దూరానికి, మట్టి దిబ్బ మీద నుంచి, ఒక్కో ఆటలో వందకు పైగా సార్లు. ఆ విదిలింపు భారం మోచేతి లోపలివైపున పడుతుంది. కథ మళ్లీ అక్కడికే వచ్చింది చూశావా.

ఇంకో చోట నీతో పేచీ ఉంది. "మరో ఎనిమిదేళ్లు ఆగి ఉంటే టామీ జాన్ ఆపరేషన్ అతన్ని కాపాడేది" అని రాశావు. వాక్యం బాగుంది, తీసెయ్యి. 1974లో డాక్టర్ ఫ్రాంక్ జోబ్ కోఫాక్స్ ఆడిన డాడ్జర్స్ జట్టులోనే ఉన్న టామీ జాన్ అనే పిచర్ కుడి ముంజేతి నుంచి స్నాయువు తీసి ఎడమ మోచేతిలో తెగిన లిగమెంట్ (ఎముకల్ని కలిపి పట్టే పట్టీ) స్థానంలో కుట్టాడు, అతను 1989 దాకా ఆడాడు. అది నిజం. కోఫాక్స్‌కి అప్పట్లో చెప్పిన జబ్బు ఆర్థ్రైటిస్. లోపల లిగమెంట్ కూడా పోయిందేమో అన్నది ఊహ. పక్కపక్కన పెట్టు, ముడి మాత్రం వెయ్యకు.

చివరి భాగంలో హాల్ ఆఫ్ ఫేమ్ (మేటి ఆటగాళ్లకిచ్చే శాశ్వత గౌరవం) పేరా ఉంది, అది వద్దు. 1966 అక్టోబర్ 6న బాల్టిమోర్ మీద అతని ఆఖరి ఆట. అయిదో ఇన్నింగ్స్‌లో సెంటర్ ఫీల్డర్ విల్లీ డేవిస్ మూడు తప్పులు చేశాడు, ఆట పోయింది. అవతల బంతి వేస్తున్నది జిమ్ పామర్ అనే ఇరవై ఏళ్ల కుర్రాడు. నవంబర్ 18న బెవర్లీ హిల్స్‌లో ఒక హోటల్ గదిలో, ముప్పై ఏళ్ల వయసులో, 27 గెలుపుల ఏడాది ముగిసిన వెంటనే ఆట మానేస్తున్నానని చెప్పాడు. ఆట అయిపోయాక కూడా చాలా ఏళ్లు బతకాలి, అవయవాలన్నీ పనిచేసేలా బతకాలి అన్నాడు. అక్కడ ఆపు.

రెండో ప్రతి సంక్రాంతిలోపు పంపు. ఆ ఐస్ తొట్టి గురించీ, రబ్బరు తొడుగు గురించీ నువ్వు చదివినవి ఇంకా ఏమైనా ఉంటే అవి కూడా విడిగా రాసి పంపు.

నీ మాస్టారు