పాస్‌వర్డ్ లేని వైఫైలో డేటాని కంపెనీ పట్టుకుంటే తప్పేంటి?

"లాక్ పెట్టుకోకపోవడం వాళ్ల తప్పు. గాల్లో వచ్చిన సిగ్నల్‌ని గూగుల్ కారు పట్టుకుంటే నేరం ఎలా అవుతుంది?" అని మీరు అడిగారు. నెట్‌వర్కింగ్ ఫీల్డ్‌లో సగం మంది అనేది కూడా ఇదే. నేను మాత్రం ఒప్పుకోను.

తెలియనివాళ్ల కోసం క్లుప్తంగా: మ్యాప్‌లో వీధులు చూపించే స్ట్రీట్ వ్యూ ఫొటోలకి తిరిగిన గూగుల్ కార్లు 2007 నుంచి 2010 దాకా 30కి పైగా దేశాల్లో వైఫై సిగ్నళ్లు కూడా రికార్డు చేశాయి. రౌటర్ పేరు, మ్యాక్ అడ్రస్ (ఆ పరికరానికి ఉండే గుర్తింపు నంబర్) వరకు అయితే లొకేషన్ కోసం, అంటే చుట్టూ ఉన్న రౌటర్లని బట్టి ఫోన్ ఎక్కడుందో కనిపెట్టడానికి అనుకోవచ్చు. కానీ జర్మనీలో హాంబర్గ్ అధికారులు పట్టుబట్టి అడిగేసరికి, లాక్ లేని నెట్‌వర్కుల్లో నడుస్తున్న మెయిళ్లు, పాస్‌వర్డుల ముక్కలు కూడా సేవ్ అయ్యాయని 2010 మేలో బయటపడింది. మొత్తం దాదాపు 600 జీబీ. పొరపాటున జరిగిందని గూగుల్ అంది. ఆ కోడ్‌ని ఇంజినీరు కావాలనే రాశాడని, ఆ సంగతి తోటివాళ్లకి చెప్పాడని 2012లో అమెరికా టెలికాం నియంత్రణ సంస్థ ఎఫ్‌సీసీ తేల్చింది. విచారణకి సహకరించనందుకు వేసిన జరిమానా 25,000 డాలర్లు. ఆ కంపెనీకి అది టీ ఖర్చు.

ఇక "గాల్లో ఉన్నదేగా" అనే మాట. కాలేజీలో మా సార్ ల్యాబ్ రౌటర్‌కి పాస్‌వర్డ్ తీసేసి, మా ట్రాఫిక్‌నే మాకు చూపించారు. ల్యాప్‌టాప్‌లో ఉన్న వైఫై కార్డు పనికిరాలేదు. మామూలు కార్డు తనది కాని ప్యాకెట్‌ని, అంటే డేటా ముక్కని, పారేస్తుంది. మానిటర్ మోడ్‌కి (చుట్టూ ఉన్న సిగ్నళ్లన్నీ వినే పద్ధతికి) వెళ్లే యూఎస్‌బీ అడాప్టర్ తెప్పించి, లినక్స్‌లో డ్రైవర్‌తో కుస్తీ పడి, వైఫై ట్రాఫిక్‌ని పట్టే కిస్మెట్ అనే సాఫ్ట్‌వేర్ నడిపితే అప్పుడు వచ్చింది. మావాడు ఒకడు ఉత్తుత్తి సైట్‌లో లాగిన్ కొట్టాడు. వాడి యూజర్‌నేమ్, పక్కనే ఈక్వల్ టు గుర్తు తర్వాత పాస్‌వర్డ్, అక్షరం పొల్లుపోకుండా తెర మీద కనిపించాయి. అదేమీ దానంతటది చెవిన పడింది కాదు, పనిగట్టుకుని విన్నది. అరుగు మీద మాటలు దారిన పోయేవాడికి వినపడటం వేరు, రికార్డర్ పట్టుకుని ఊళ్లో ప్రతి గుమ్మం ముందూ ఆగడం వేరు.

అమెరికా కోర్టులో గూగుల్ వాదన కూడా మీదే: ఇది రేడియో ప్రసారం, ఎవరైనా పట్టుకోవచ్చు అని. 2013 సెప్టెంబర్‌లో తొమ్మిదో సర్క్యూట్ అప్పీళ్ల కోర్టు దాన్ని కొట్టేసింది. వైఫైలో వెళ్లే డేటా జనానికి సులువుగా అందే ప్రసారం కాదంది. మరుసటేడు అమెరికా సుప్రీంకోర్టు ఆ కేసు వినడానికే ఒప్పుకోలేదు.

ఇప్పుడు చాలా సైట్లు హెచ్‌టీటీపీఎస్‌లో ఉన్నాయి, అంటే డేటాని సైటే లాక్ చేసి పంపుతుంది కాబట్టి పాస్‌వర్డులు అలా దొరకవు. ఏ సైట్‌కి వెళ్లారో మాత్రం చాలాసార్లు తెలిసిపోతుంది. రైల్వే స్టేషన్ వైఫైకి ఫోన్ నంబర్ ఇచ్చి ఓటీపీ కొట్టాం కదా, సేఫ్ అనుకునేవాళ్లు మనలో చాలామంది. ఆ ఓటీపీ మీరెవరో వాళ్లు తెలుసుకోవడానికే. కనెక్ట్ అయ్యేటప్పుడు వైఫై పాస్‌వర్డ్ అడగలేదంటే మామూలుగా ఆ సిగ్నల్‌కి లాక్ లేనట్టే.

ఇంట్లో అయితే రౌటర్ సెట్టింగుల్లో డబ్ల్యూపీఏ2 గానీ డబ్ల్యూపీఏ3 గానీ (సిగ్నల్‌కి వేసే లాక్ రకాలు) పెట్టుకోండి. రౌటర్ పేరు చివర అండర్‌స్కోర్, ఆ వెంటనే ఇంగ్లిష్ చిన్న అక్షరాల్లో 'నోమ్యాప్' అని కలిపి (_nomap) రాస్తే గూగుల్ ఆ రౌటర్‌ని తన లొకేషన్ లెక్కలోంచి తీసేస్తుంది. మనం అడిగితే గానీ తీయరు, నాకు నచ్చనిది అదే.