లెలూష్‌కు ఆ చావు దక్కాల్సిందేనా?

పాఠకుల ప్రశ్నలు – మా జవాబులు

(ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం ‘కోడ్ గియాస్’ అనే జపనీస్ యానిమే సీరియల్ మీదే. జపాన్‌ని ఆక్రమించిన బ్రిటానియా సామ్రాజ్యం మీద, ఆ సామ్రాజ్యపు రాకుమారుడు లెలూష్ ‘జీరో’ అనే ముసుగు వేషంలో తిరగబడే కథ ఇది. జవాబుల్లో కథ చివరిదాకా విప్పేశాం. ఇంకా చూడనివాళ్లు, చూద్దామనుకుంటున్నవాళ్లు ఈ పేజీని పక్కన పెట్టి తర్వాత చదవండి.)

ప్రశ్న: రెండు సీజన్లూ పూర్తి చేశాను. లెలూష్ చాలామంది చావుకి కారణమయ్యాడు, కాదనను. కానీ చెల్లెలి కోసం, బ్రిటానియా కాళ్ల కింద నలుగుతున్న జపాన్ కోసం చేశాడు. చివరికి లోకమంతా శాపనార్థాలు పెడుతుంటే చచ్చిపోయాడు. ఇది న్యాయమేనా? మా హాస్టల్లో ఈ విషయం మీద రెండు జట్లుగా చీలిపోయాం.
– ఒక విద్యార్థి, వరంగల్

జవాబు: మీ హాస్టల్ గొడవలో రెండు ప్రశ్నలు కలగాపులగం అయినట్టున్నాయి. లెలూష్ చావదగ్గ తప్పు చేశాడా అన్నది ఒకటి. కథలో అతను చచ్చిన తీరుని శిక్ష అనొచ్చా అన్నది రెండోది. మొదటిదానికి మా జవాబు అవును. రెండోదానికి కాదు. ఒక జట్టు మొదటిదానికీ, ఇంకో జట్టు రెండోదానికీ జవాబు చెబుతూ కూర్చుంటే ఆ వాదన తెల్లవార్లూ తెగదు.

మొదటిది తేల్చడానికి మనం న్యాయశాస్త్రం తిరగెయ్యక్కర్లేదు. మొదటి సీజన్ మొదటి ఎపిసోడ్‌లో, షింజుకు మురికివాడలో సైనికుల తుపాకుల ఎదుట నిలబడి అతనే రూలు పెట్టాడు: తూటా తినడానికి సిద్ధపడ్డవాడికే తుపాకీ పేల్చే హక్కు ఉంటుందని. అన్నాక అప్పుడే దక్కిన గియాస్‌తో, అంటే కళ్లలోకి చూసి చెప్పింది చేయించే శక్తితో, ఆ సైనికులందరినీ ‘చావండి’ అని ఆజ్ఞాపించాడు. ఆ క్షణం నుంచి లెక్క మొదలైంది. తర్వాత సవతి అన్న క్లోవిస్‌ని ఎదురుగా నిలబడి కాల్చాడు. నరితా కొండ దగ్గర తన దళంలోని కాలెన్ నడిపే గురెన్ అనే యుద్ధయంత్రంతో నేలలోని నీటిని పేల్చి కొండచరియలు విరిగిపడేలా చేశాడు. వ్యూహంగా చూస్తే అమోఘం. ఆ మట్టి కింద శత్రుసైన్యంతోపాటు ఊరివాళ్లూ పోయారు, వాళ్లలో తన క్లాస్‌మేట్ షర్లీ నాన్న ఒకడు. ఇక రెండో సీజన్ ‘ఆర్2’ 14వ ఎపిసోడ్. షర్లీ చనిపోయిన కోపంలో గియాస్ మీద పరిశోధనలు చేసే సంస్థ స్థావరాన్ని తుడిచిపెట్టమంటాడు. అక్కడ పరిశోధకులే కాదు, పిల్లలూ ఉన్నారు. అసలు షర్లీని చంపినవాడు లెలూష్‌కి తమ్ముడిగా నటిస్తూ వచ్చిన రోలో. ఆ రోలో అప్పుడు లెలూష్ పక్కనే ఉన్నాడు. అభిమానుల చర్చల్లో ఈ ఎపిసోడ్ ఎక్కువగా వినపడదు, ఎందుకో ఊహించడం కష్టం కాదు. అతని నోట జారిన మాటతో నరమేధం చేసిన సవతి చెల్లెలు యుఫీమియా విషయంలో ‘పొరపాటు’ అనొచ్చు, నరితాలో ‘యుద్ధం’ అనొచ్చు. ఇక్కడ ఆ రెండు మాటలూ చెల్లవు.

చెల్లెలి కోసమే కదా అంటారా? నన్నలీ కోరుకున్నది మెత్తని మనసున్న లోకం. ఆ లోకం కట్టే పని అన్న తలకెత్తుకున్నాడు గానీ, ఎలా కట్టాలని ఆ పిల్లని ఒక్కసారైనా అడగలేదు.

రెండో ప్రశ్నకి వద్దాం. శిక్ష అంటే ఇంకొకరు విధించాలి. లెలూష్ విషయంలో నేరారోపణ, తీర్పు, తేదీ, స్థలం, తలారి అన్నీ అతను ఏర్పాటు చేసుకున్నవే. ‘జీరో రెక్వియం’ అని అతను, ఒకప్పుడు ఎదుటి పక్షాన పోరాడిన చిన్ననాటి స్నేహితుడు సుజాకు కలిసి వేసిన పథకం ఎలా నడిచిందో ఒకసారి వరుసగా చూడండి. ముందు బ్రిటానియా 99వ చక్రవర్తిగా సింహాసనమెక్కి ప్రభు వర్గాన్ని రద్దు చేశాడు, ‘నంబర్లు’గా, అంటే పేరుకు బదులు అంకెతో పిలిచే ఆక్రమిత దేశాల జనంగా, బతుకుతున్నవాళ్లకి విముక్తి ఇచ్చాడు. అడ్డొచ్చిన సైనికుల్ని గియాస్‌తో బానిసలుగా మార్చుకున్నాడు. సవతి అన్న ష్నైజెల్‌ని ఓడించి డామోక్లీస్ అనే ఆకాశంలో తేలే కోటని చేజిక్కించుకున్నాడు. దాని తాళం నన్నలీ చేతిలో ఉంటే, ఏ చెల్లెలి కోసం ఇదంతా మొదలైందో ఆ చెల్లెలి మీదే గియాస్ ప్రయోగించి లాక్కున్నాడు. యుద్ధంలో సుజాకు చచ్చిపోయాడని లోకాన్ని నమ్మించాడు. తర్వాత నియంతలా పాలించి, లోకంలోని ద్వేషమంతా తన ఒక్కడి మీదికి పోగుచేసుకున్నాడు. రెండు నెలలకి శత్రువులందర్నీ గొలుసులతో కట్టి ఊరేగించాడు.

ఆ ఊరేగింపు ముందు జీరో వేషంలో సుజాకు ప్రత్యక్షమవుతాడు. సైనికులు కాల్పులు మొదలుపెడితే లెలూష్ నమ్మినబంటు జెరెమియా వాళ్లని ఆపి తనే ఎదురెళతాడు. ఆపినట్టు నటిస్తాడంతే. జీరో అతని భుజం మీద కాలేసి పైకి ఎగిరిపోతాడు. లెలూష్ తుపాకీ తీస్తాడు, కత్తి దెబ్బకి అది ఎగిరి పడుతుంది, అదే కత్తి గుండెల్లో దిగుతుంది. ఒంట్లో ప్రాణం పోతుండగా వాలు మీదుగా కిందికి జారి, గొలుసుల్లో ఉన్న నన్నలీ పక్కన పడతాడు. ఆ మొత్తం నాటకంలో పథకంలో రాసుకోనిది ఏదైనా ఉందంటే ఆ పిల్ల అన్న చెయ్యి పట్టుకోవడం ఒక్కటే. పట్టుకోగానే నిజం తెలిసిపోతుంది.

అందుకే దాన్ని శిక్ష అనలేం. తను కోరిన పని తను కోరిన రోజున నెరవేరింది. బాధితుల వైపు నుంచి చూడండి: షర్లీ తల్లికి భర్త ఎందుకు పోయాడో ఎవరైనా చెప్పారా? గియాస్ సంస్థలో పోయిన పిల్లల పేర్లు ఎక్కడైనా వినపడ్డాయా? యుఫీమియా ‘నరమేధం చేసిన రాకుమారి’గానే చరిత్రలో మిగిలింది. లెలూష్ ఒక్క మాట చెబితే ఆమె పేరు మీది మచ్చ కడుక్కుపోయేది, ఆ మాటే అతను తనతో తీసుకుపోయాడు. లోకానికి శాంతి దొరికింది నిజమే, అది పెద్ద విషయమే. అది బాధితులకి ఇవ్వాల్సిన జవాబు కిందకి రాదు.

అసలు శిక్ష పడింది సుజాకుకి. పేరు లేదు, మొహం లేదు, లోకం లెక్కలో అతను చచ్చినవాడు. జీవితాంతం ముసుగు వేసుకుని, తను అసహ్యించుకున్న ‘జీరో’గా బతకాలి. పైగా మొదటి సీజన్‌లో షికినే దీవిలో లెలూష్ ‘బతుకు’ అని వేసిన గియాస్ అతని మీద అలాగే ఉంది.

ప్రశ్న: యుఫీమియా ఘటన పూర్తిగా ప్రమాదమే కదా. నోరుజారి అన్న ఒక్క మాటకి లెలూష్‌ని హంతకుడు అనడం ఏం న్యాయం?
– ఒక పాఠకురాలు, రాజమండ్రి

జవాబు: మొదటి సీజన్ 22వ ఎపిసోడ్ మళ్లీ చూడండి, ఈసారి మాట నోరుజారక ముందు జరిగింది గమనిస్తూ.

లెలూష్ గియాస్ పనిచేసే పద్ధతి ఇది. కళ్లలోకి నేరుగా చూడాలి. అద్దంలో ప్రతిబింబం ద్వారా కూడా పడుతుంది. ఒక మనిషి మీద ఒక్కసారే. ఆజ్ఞ పడ్డాక తనేం చేశాడో ఆ మనిషికి గుర్తుండదు. ఎక్కువగా వాడేకొద్దీ శక్తి ముదిరి, ఆపుదామన్నా ఆగని స్థితికి వస్తుంది. ఈ చివరి సంగతి లెలూష్‌కి కొత్త కాదు. మనసులు చదివే గియాస్ ఉన్న మావో అనేవాడు అచ్చం ఆ స్థితిలోనే అతని ఎదుటికి వచ్చాడు. చుట్టుపక్కలవాళ్ల మనసులోని మాటలన్నీ వద్దన్నా చెవిలో పడుతుంటే పిచ్చెక్కిపోయినవాడు. అంటే హెచ్చరిక బతికున్న మనిషి రూపంలో వచ్చి వెళ్లింది. ఆ తర్వాత కూడా వాడకం తగ్గలేదు.

ఇంకొకటి. ఆ రోజు లెలూష్ ఫుజీ దగ్గర జపనీయుల ప్రత్యేక పరిపాలనా ప్రాంతం ప్రారంభోత్సవానికి మంచి ఉద్దేశంతో వెళ్లలేదు. డిటెక్టర్లకి దొరకని తుపాకీ దాచి తీసుకెళ్లాడు. యుఫీమియా మీద గియాస్ వేసి, ఆమె చేత తన మీద కాల్పించుకుని, ‘బ్రిటానియా వంచించింది’ అని జనాన్ని రెచ్చగొట్టాలని ఎత్తుగడ. ఆమె ఆ ప్రాంతం కోసం సింహాసనం మీద హక్కునే వదులుకుందని తెలిసి మెత్తబడ్డాడు, చెయ్యి కలిపాడు. వెళుతూ వెళుతూ తన శక్తి గొప్ప చెప్పుకోబోయాడు: ఉదాహరణకి జపనీయుల్ని చంపమని నేనంటే... అప్పటికే కన్ను అదుపు తప్పింది. ఆ అమ్మాయి ‘వద్దు, చంపను’ అని పెనుగులాడి, ఓడిపోయి, తుపాకీ పట్టుకుని పరిగెత్తింది.

మాట ప్రమాదమే, ఒప్పుకుంటాం. ఆమె బుర్రని ఆటబొమ్మ చేద్దామనే వెళ్లాడు కాబట్టి ఆ ప్రమాదానికి దారి వేసింది మాత్రం అతనే. తర్వాత చేసింది అస్సలు ప్రమాదం కాదు. ఆమెని తనే కాల్చి చంపి, ఆ నరమేధాన్నే తిరుగుబాటుకి ఇంధనంగా వాడుకున్నాడు. గుండె పగిలిపోతూనే వాడుకున్నాడు, అది కూడా నిజం. ఈ పాత్ర మన బుర్రలోంచి పోకపోవడానికి కారణం అదే.

ప్రశ్న: లెలూష్‌ని చూస్తే కర్ణుడు గుర్తొస్తాడు. పుట్టుకతోనే అన్యాయం, తప్పు పక్షం, చివరికి దారుణమైన చావు. పోలిక సరైనదేనా?
– ఒక పాఠకుడు, అనంతపురం

జవాబు: పుట్టుక వరకూ సరిపోతుంది. చావు దగ్గరికొచ్చేసరికి కుదరదు. కర్ణుడు రథచక్రం పైకి తీసుకునే వ్యవధి ఇమ్మని అడిగాడు, అంటే బతకాలనుకున్నాడు. లెలూష్‌కి దగ్గరివాడు కావాలంటే భీష్మపర్వంలోకి వెళ్లండి. పాండవులు రాత్రిపూట వచ్చి ‘తాతా, నిన్ను ఎలా పడగొట్టాలి’ అని అడిగితే, శిఖండిని ముందు పెట్టుకుని అర్జునుడిని కొట్టమను అని ఆయనే దారి చెప్పాడు. ప్రేమించినవాడి చేతికే ఆయుధమిచ్చి చంపించుకోవడం అక్కడా ఉంది, ఇక్కడా ఉంది. తేడా ఏమిటంటే భీష్ముడు పడ్డాక రెండు పక్షాలూ వచ్చి చుట్టూ నిలబడి ఏడ్చాయి. లెలూష్ పడితే జనం జీరో పేరుతో జేజేలు కొట్టారు, ఏడ్చింది నన్నలీ.

ప్రశ్న: చివరి సీన్లో గడ్డి బండి తోలేవాడు లెలూషేనా? 2019 సినిమాలో బతికే ఉన్నాడు కదా. మరి ఈ చర్చంతా ఎందుకు?
– ఒక పాఠకుడు, డల్లాస్

జవాబు: రెండు వేరు వేరు కథాధారల్ని కలిపేస్తే వచ్చే తికమక ఇది.

టీవీ సీరియల్ ఒకటి. దర్శకుడు గోరో తనిగుచి, రచన ఇచిరో ఒకోచి, నిర్మాణం సన్‌రైజ్. మొదటి సీజన్ 2006 అక్టోబరులో మొదలైంది, ఆర్2 2008 ఏప్రిల్ నుంచి సెప్టెంబరు దాకా వచ్చింది. సీజన్‌కి 25 చొప్పున మొత్తం 50 ఎపిసోడ్లు. ఇందులో బండి తోలేవాడి మొహం చూపించరు. లెలూష్‌కి గియాస్ ఇచ్చిన సి.సి. అనే అమ్మాయి గడ్డి మీద పడుకుని లెలూష్‌ని పేరుతో పలకరిస్తుంది, అంతే. పోయినవాళ్లతో మాట్లాడేవాళ్లు మన ఇళ్లలోనూ ఉంటారు కాబట్టి అంతమాత్రాన అతను బతికున్నట్టు కాదు.

రెండోది సినిమాల దారి. 2017–18లో సీరియల్‌ని కుదించి మూడు సినిమాలు తీశారు, కొన్ని సంఘటనలు మార్చారు. అన్నిటికంటే పెద్ద మార్పు, అందులో షర్లీ చనిపోదు. 2019లో వచ్చిన ‘లెలూష్ ఆఫ్ ది రిసరక్షన్’ ఆ మూడింటికి కొనసాగింపు. 50 ఎపిసోడ్లకి కాదు.

కాబట్టి కొత్తగా చూసేవాళ్లు ముందు 50 ఎపిసోడ్లూ చూసి, కొన్నాళ్లు ఆగి, తర్వాత మూడు సినిమాలు, ఆ పైన 2019 సినిమా చూడండి. సీరియల్ అయిన మర్నాడే నేరుగా 2019 సినిమా పెడితే, సీరియల్లో చచ్చిపోయిన షర్లీ బతికే ఉండటం అర్థం కాదు, అప్పుడే కన్నీళ్లు పెట్టించిన చావు కూడా ఉత్తదైపోతుంది. టైము లేదని సీరియల్ మానేసి మూడు సినిమాలతో సరిపెడితే నరితా, మావో లాంటి ఘట్టాలు కొన్ని నలిగిపోతాయి, కొన్ని ఎగిరిపోతాయి. అవి లేకుండా ‘దక్కాల్సిందేనా’ అన్న వాదనకి ఆధారమే ఉండదు.

ప్రశ్న: మా అబ్బాయి పదో తరగతి. ‘పని పూర్తికావాలంటే లెలూష్‌లా ఉండాలి’ అంటున్నాడు. కంగారు పడాలా?
– ఒక తల్లి, హైదరాబాద్

జవాబు: పడక్కర్లేదమ్మా. ఆ వయసులో చదరంగం ఆడుతూ రాజ్యాలు కూల్చే కుర్రాడు నచ్చకపోతేనే ఆశ్చర్యం. సీరియల్ మాన్పించకండి, తిట్టకండి. వీలుంటే నాలుగు ఎపిసోడ్లు మాత్రం అతనితో కూర్చుని చూడండి: మొదటి సీజన్ 12, 22, ఆర్2లో 14, 25. మొదటిది షర్లీ తండ్రి చావు గురించి. 22 బాగా రక్తపాతంగా ఉంటుంది, ఇంట్లో చిన్నపిల్లలుంటే వాళ్లు పడుకున్నాక పెట్టండి. మధ్యలో ఆపి పాఠం చెప్పొద్దు, చెప్పారంటే తర్వాతి ఎపిసోడ్‌కి మిమ్మల్ని పిలవడు.

అయిపోయాక ఒక్క ప్రశ్న అడగండి: ‘లెలూష్ పోయాక యుఫీమియా గురించి నిజం తెలిసినవాళ్లు ఎవరెవరు మిగిలారు? వాళ్లెందుకు నోరు విప్పలేదు?’ లెక్కపెట్టడం మొదలుపెడితే సుజాకు, సి.సి., జెరెమియా అంటూ పేర్లు వస్తాయి. ఎందుకు చెప్పలేదన్న దగ్గర కాసేపు ఆగిపోతాడు. జవాబు తడితే మాకూ రాయమనండి, వచ్చే నెల వేస్తాం.