కాళ్ల వాపుకు జర్మనీ క్యాప్సూల్స్ వాడొచ్చా?

ప్రశ్న: నాకు 57 ఏళ్లు. మాది రాజమండ్రి. బట్టల షాపులో పని, రోజంతా నిలబడే ఉంటాను. కొన్నేళ్లుగా రెండు పిక్కల మీదా నరాలు నీలంగా, మెలికలు తిరిగి ఉబ్బాయి. సాయంత్రానికి కాళ్లు బరువెక్కి చీలమండల దగ్గర వాపు వస్తోంది. వేరికోస్ వెయిన్స్ అని చెప్పి డాక్టర్ బిగుతు సాక్స్ రాశారు. ఈ ఎండలకి వేసుకోలేకపోతున్నాను. షుగర్‌కి మెట్‌ఫార్మిన్, గ్లిమిపిరైడ్ వాడుతున్నాను. బీపీకి ఆమ్లోడిపిన్, కిందటేడు 5 నుంచి 10కి పెంచారు. రోజూ యాస్పిరిన్ 75 కూడా వేసుకుంటాను. జర్మనీలో ఉన్న మా అబ్బాయి హార్స్ చెస్ట్‌నట్ అనే మూలిక క్యాప్సూల్స్ పంపాడు. రక్తప్రసరణ బాగవుతుందట, మూలికే కాబట్టి సైడ్ ఎఫెక్ట్స్ ఉండవట. ఇవి వాడితే సాక్స్, యాస్పిరిన్ మానేయొచ్చా? మా అమ్మాయికి ఏడో నెల. తనకీ కాళ్ల వాపు ఉంది. తనకి కూడా ఇవ్వొచ్చా?

జవాబు: మీ ఉత్తరంలో నా కన్ను ముందు పడింది హార్స్ చెస్ట్‌నట్ మీద కాదు, ఆమ్లోడిపిన్ 10 మీద. బీపీకి మంచి మందే, కానీ చీలమండల వాపు తెప్పించే మందుల్లో ముందు వరసలో ఉంటుంది. డోసు పెరిగేకొద్దీ వాపూ పెరుగుతుంది. ఈ మందు సన్నని ధమనులను వెడల్పు చేస్తుంది, సిరలను అంతగా చేయదు. దాంతో వచ్చే రక్తం ఎక్కువై, కాళ్లలోని అతిసన్న రక్తనాళాల్లో ఒత్తిడి పెరిగి నీరు బయటకు ఊరుతుంది. గుండె, కిడ్నీలు పాడయ్యాయేమోనని టెన్షన్ పడనక్కర్లేదు గానీ, ఒకసారి పరీక్ష చేయించుకుని ఆ సంగతి తేల్చుకోవడం మంచిది. మాత్ర పెంచాకే వాపు ఎక్కువైందా, గుర్తు చేసుకోండి. ఔనంటే ఆ సంగతి మీ డాక్టర్‌కి చెప్పండి. డోసు తగ్గించి టెల్మిసార్టాన్ లాంటి ఇంకో బీపీ మందు కలపడమో, మందు మార్చడమో చేస్తారు. మీ అంతట మీరు మాత్రం ఆపకండి. ఈ వాపుకు నీటి మాత్రలు పెద్దగా పనిచేయవు. జర్మనీ క్యాప్సూల్ ఆమ్లోడిపిన్ వాపును తగ్గిస్తుందని చెప్పే ఆధారమూ లేదు.

రెండో సంగతి. రక్తప్రసరణ సమస్య అంటే ఏది? కాళ్లకు రక్తం తెచ్చే ధమనులు పూడిపోవడం ఒక జబ్బు. కాళ్ల నుంచి పైకి వెళ్లాల్సిన రక్తం సిరల్లో నిలిచిపోవడం ఇంకో జబ్బు. మీకున్నది రెండోది. బోరింగు పంపులో వాషర్ అరిగితే ఎత్తిన నీళ్లు కిందికి జారిపోతాయి చూడండి, సిరల్లో కవాటాలు చెడితే రక్తం కూడా అంతే. నిలబడితే బరువు, కాళ్లు ఎత్తి పెట్టుకుంటే హాయి, ఇది సిరల లక్షణం. కొంత దూరం నడిచాక పిక్క పట్టేసి, ఆగితే నాలుగైదు నిమిషాల్లో తగ్గి, మళ్లీ అంతే దూరానికి పట్టేస్తుంటే అది ధమనుల జబ్బు. ముదిరితే రాత్రి పడుకున్నప్పుడు పాదం మండుతుంది, కాలు మంచం కిందికి వేలాడేస్తే ఉపశమనం. షుగర్, పొగతాగడం ఉన్నవారిలో ఇది ఎక్కువ. మీకు షుగర్ ఉంది కాబట్టి రెండూ కలిసి ఉండొచ్చు. హార్స్ చెస్ట్‌నట్‌కి ఎంతో కొంత ఆధారం ఉన్నది సిరల జబ్బుకే. గుండె బ్లాకులకు, పూడిన ధమనులకు దీన్ని నమ్ముకోకూడదు.

ఇక అసలు మూలిక. హార్స్ చెస్ట్‌నట్ బాల్కన్ ప్రాంతపు చెట్టు. యూరప్ అంతటా పార్కుల్లో, రోడ్ల పక్కన నీడ కోసం పెంచుతారు. కాల్చుకుని తినే చెస్ట్‌నట్ వేరే చెట్టుది. దీని గింజల సారంలో ఎస్సిన్ అనే పదార్థం ఉంటుంది. సన్నని రక్తనాళాల నుంచి నీరు ఊరడాన్ని అది తగ్గిస్తుంది, సిరల గోడలకు కాస్త బిగువు తెస్తుంది. 1996లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో వచ్చిన ఒక ట్రయల్‌లో (రోగుల మీద మందును పరీక్షించే అధ్యయనంలో) 240 మందిని 12 వారాలు చూశారు. కాలి వాపు గింజల సారం వాడినవారిలో సగటున 44 మిల్లీలీటర్లు, బిగుతు సాక్స్ వేసుకున్నవారిలో 47 మిల్లీలీటర్లు తగ్గింది. దాదాపు సమానమే. వైద్య పరిశోధనలను ఒకచోట చేర్చి తూకం వేసే కాక్రేన్ సంస్థ 2012 నాటి సమీక్షలో 17 ట్రయల్స్‌ని పరిశీలించి, నొప్పి, వాపు, దురద కొంతకాలం పాటు తగ్గుతాయని తేల్చింది. అన్నీ కొన్ని వారాలపాటు సాగినవే. ఏళ్ల తరబడి వాడితే ఏమవుతుందో వాటి నుంచి తెలియదు. అంటే మీ అబ్బాయి పంపింది ఉత్త మాయమందు కాదు. అలాగని ఉబ్బిన నరాలను మాయం చేయదు, చెడిన కవాటాన్ని బాగుచేయదు. చెడిన సిరను మూసేయడం లేజర్‌తోనో, రేడియోఫ్రీక్వెన్సీతోనో, ఫోమ్ ఇంజెక్షన్‌తోనో జరగాలి. దానికి ముందు, సిరల్లో రక్తం ఎటు పోతోందో చూపే డాప్లర్ స్కాన్ నిలబెట్టి తీయాలి. మీకు అది తీసినట్టు ఉత్తరంలో లేదు.

మూలికే కాబట్టి సైడ్ ఎఫెక్ట్స్ లేవన్న మాట ఈ చెట్టు విషయంలో మరీ తప్పు. దీని పచ్చి గింజ, ఆకు, బెరడు, పువ్వు అన్నీ విషమే. తింటే వాంతులు, విరేచనాలు, కండరాల వణుకు, తూలడం, పక్షవాతం దాకా పోవచ్చు. మందుగా తయారుచేసేటప్పుడు ఎస్క్యులిన్ అనే విష పదార్థాన్ని తీసేస్తారు. కాబట్టి డబ్బా మీద ఎస్సిన్ ఎన్ని మిల్లీగ్రాములో రాసి ఉందో చూడండి. ట్రయల్స్‌లో వాడింది ఎక్కువగా పూటకు 50 మి.గ్రా. ఎస్సిన్ చొప్పున రోజుకు రెండు పూటలు. ఆ అంకె లేకుండా ఉత్త గింజల పొడి అని రాసి ఉంటే పారేయండి. ఆన్‌లైన్‌లో కిలో లెక్కన దొరికే పొడుల జోలికి అసలే వెళ్లొద్దు. కశ్మీర్, హిమాచల్ కొండల్లో పెరిగే చెట్టు దీనికి దాయాదే తప్ప ఇదే కాదు. ఈ ట్రయల్స్ దాని మీద జరగలేదు.

సరైన క్యాప్సూల్‌తోనూ కడుపులో వికారం, తలనొప్పి, కళ్లు తిరగడం, దురద కొందరికి వస్తాయి. భోజనంతో, నమలకుండా మింగాలి. కిడ్నీ లేదా లివర్ జబ్బు ఉన్నవారు వాడకూడదు. షుగర్ ఉన్నవారికి నేను ముందు క్రియాటినిన్ (కిడ్నీల పనితీరు చెప్పే రక్తపరీక్ష) చూడందే దీనికి ఒప్పుకోను. మీరు వేసుకునే గ్లిమిపిరైడ్ ఒక్కటే షుగర్‌ని పడేయగలదు, ఈ మూలిక కూడా కొంత తగ్గించే అవకాశం ఉంది కనుక, మొదలుపెడితే మొదటి వారాల్లో ఇంట్లో షుగర్ చూసుకోవాలి. యాస్పిరిన్‌తో కలిస్తే రక్తస్రావం ముప్పు పెరగొచ్చు. చిగుళ్ల నుంచి రక్తం, కారణం లేకుండా కమిలిన మచ్చలు, నల్లటి విరేచనం కనిపిస్తే వెంటనే ఆపి చూపించుకోండి. రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే వార్‌ఫరిన్ వాడే వారెవరైనా ఇది చదువుతుంటే, మీకు ఇది వద్దు. పన్ను పీకించుకోవాల్సి వచ్చినా, ఆపరేషన్ అనుకున్నా ఈ క్యాప్సూల్ సంగతి ముందే చెప్పండి.

యాస్పిరిన్ మానొద్దు. అది గుండె కోసమో, మెదడు కోసమో ఇచ్చి ఉంటారు. కాళ్ల నరాలకు కాదు. ఎందుకు ఇచ్చారో తెలియకపోతే రాసిన డాక్టర్‌నే అడగండి.

సాక్స్ విషయంలో మీ బాధ అర్థమవుతోంది. రాజమండ్రిలో రోహిణీ కార్తె రోజుల్లో తొడ దాకా బిగుతు గుడ్డ వేసుకోమనడం చెప్పినంత తేలిక కాదు. చాలామందికి మోకాలి కిందిదాకా ఉన్నవే సరిపోతాయి. పొద్దున మంచం దిగకముందే, వాపు లేనప్పుడే వేసుకుని రాత్రి తీసేయండి. అయితే షుగర్ ఉన్నవారు వీటిని గట్టిగా బిగించే ముందు చేతి బీపీని, చీలమండ దగ్గరి బీపీని పోల్చే ఏబీఐ పరీక్ష చేయించుకోవాలి. ధమనులు పూడి ఉంటే ఆ బిగుతే కాలికి ప్రమాదం. ఆ ఫలితం వచ్చేదాకా సాక్స్ పక్కన పెట్టినా నేనేమీ అనను. షాపులో కౌంటర్ వెనక నిలబడే ఉన్నా అరగంటకోసారి మడమలు పైకెత్తి దించుతూ ఉండండి, వీలున్నప్పుడల్లా నాలుగడుగులు వేయండి. పిక్క కండరం పిండితేనే రక్తం పైకి ఎక్కుతుంది.

క్యాప్సూల్ అడిగారు కాబట్టి వరస చెబుతాను. ముందు బీపీ మాత్ర సంగతి, కిడ్నీ పరీక్ష, డాప్లర్, ఏబీఐ. అన్నీ బాగుండి, సిరల జబ్బే అని తేలి, మీ డాక్టర్ సరేనంటే వాడి చూడొచ్చు. ఫలితం తెలియడానికి కనీసం నాలుగు వారాలు పడుతుంది. మూడు నెలలకూ తేడా లేకపోతే ఆపేయండి. ఈలోగా ఒక్క కాలే హఠాత్తుగా వాచి, నొప్పి, వేడి ఉంటే అది రక్తం గడ్డకట్టడం కావచ్చు. క్యాప్సూల్ వేసుకుని ఎదురుచూడకుండా అదే రోజు ఆస్పత్రికి వెళ్లాలి. ఆయాసం, ఛాతీ నొప్పి కూడా తోడైతే ఎమర్జెన్సీ.

మీ అమ్మాయికి ఇవ్వకండి. గర్భంలో ఇది సురక్షితమని చెప్పేంత సమాచారం లేదు. ఏడో నెలలో సాయంత్రానికి రెండు కాళ్లూ కాస్త వాచి, పొద్దునకి తగ్గడం మామూలే. ఎడమవైపుకి తిరిగి పడుకోవడం, కాళ్లు ఎత్తులో పెట్టుకోవడం చాలు. ముఖం, చేతులు కూడా ఉబ్బినా, తలనొప్పి, కళ్లు మసకబారడం, పైకడుపులో నొప్పి ఉన్నా మర్నాటిదాకా ఆగకుండా బీపీ, మూత్రంలో ప్రొటీన్ చూపించండి.