విక్టోరియా కాలంలో లండన్ పేదవాడల్లో జనం ఎక్కువగా కలరాతోనే చనిపోయేవారా?

కాదండీ. పేరు కలరాది, ఎక్కువ ప్రాణాలు తీసింది మాత్రం క్షయ, పిల్లల జ్వరాలు. లండన్ వెళ్లేదాకా నేనూ మీలాగే అనుకునేవాణ్ణి.

అక్కడున్న నాలుగేళ్లూ మా ఆఫీసు లండన్ నడిబొడ్డున సోహో పేటలోనే. అప్పట్లో బ్రాడ్ స్ట్రీట్, ఇప్పుడు బ్రాడ్‌విక్ స్ట్రీట్ అంటున్న వీధిలో పిడి లేని చేతిపంపు ఒకటి నిలబెట్టి ఉంటుంది, పాతదాని నమూనా. 1854 ఆగస్టు ఆఖర్న ఆ పంపు నీళ్లు తాగిన జనం కలరాతో పిట్టల్లా రాలిపోయారు. ఆ విడత మొత్తం 616 మంది. డాక్టర్ జాన్ స్నో చావులు ఎక్కడెక్కడ జరిగాయో ఇల్లిల్లూ ఆరా తీసి, సెప్టెంబరు 8న పిడి ఊడదీయించాడు. నిజానికి అప్పటికే సగం వీధి ఊరొదిలి పారిపోయింది, ఉధృతీ తగ్గుముఖం పట్టింది. అదే వీధిలో బీరు కాచేచోట పనివాళ్లకి రోజూ బీరు ఊరికే పోసేవారట, వాళ్లలో ఒక్కరూ పోలేదు! (ఆ మూలనున్న పబ్బుకి స్నో పేరే పెట్టారు. పాపం, ఆయన చాలాకాలం మందు ముట్టని మనిషి.)

నా లెక్క మార్చింది మా పక్కింటి పెద్దావిడ. ఆమెకి వంశవృక్షం పిచ్చి. ఒకరోజు పాత మరణ ధ్రువపత్రాలు బల్ల మీద పరిచింది. తూర్పు లండన్ పేదవాడ బెత్నల్ గ్రీన్‌లో ఒకే ఇల్లు, పదిహేను రోజుల్లో ముగ్గురు పిల్లలు. కారణం రాసే గడిలో మూడు పత్రాల్లోనూ స్కార్లెట్ జ్వరం, పిల్లలకి సోకే అంటుజ్వరం. తండ్రి వృత్తి: పట్టు నేత. మాది సిరిసిల్ల, మగ్గం ఆడిన ఇల్లు. ఆ గడి దాటి చూపు ముందుకు కదల్లేదు. నాలుగో కాగితం తల్లిది, ‘థైసిస్’ అని ఉంది, అంటే క్షయ.

1849లో కలరా ఇంగ్లండ్, వేల్స్‌లలో 53 వేల మందిని పొట్టన పెట్టుకుంది. ఘోరమే. కానీ ఆ రోజుల్లో క్షయ ఏటా దాదాపు 50 వేల మందిని తీసుకుపోయేది, అదీ చడీచప్పుడు లేకుండా. కలరా 1866 తర్వాత అక్కడ మళ్లీ అంతగా చెలరేగలేదు. క్షయ ఏ ఏడూ సెలవు తీసుకోలేదు. ఇంటిల్లిపాదీ ఒకే గదిలో పడుకుంటే ఒకరి దగ్గు అందరిదీ అవుతుంది కదా. పైగా 1851 దాకా కిటికీలకి పన్ను. అది తప్పించుకోడానికి వాటిని ఇటుకలతో మూసేసిన ఇళ్లూ ఉండేవి.

మా నానమ్మకి కోపమొస్తే నోట్లోంచి వచ్చేది గత్తరే, అంటే కలరా. క్షయ పేరెత్తి తిట్టగా ఎన్నడూ వినలేదు. పక్కింటావిడదీ అదే తంతు. మీ ఇంట్లో కలరాతో ఎవరూ పోలేదా అని అడిగితే, ఎంత వెతికినా దొరకలేదంది, కాస్త చిన్నబుచ్చుకుని.