కాన్వాస్ మీద గీసిన ప్లాట్లలో దేని మీద క్లిక్ పడిందో ఎలా కనిపెట్టాలి?

మీ ప్రశ్న నాకు అర్థమైనంత వరకు ఇది. విజయవాడలో కాలేజీ ప్రాజెక్టు కోసం ఒక వెంచర్ లేఅవుట్‌ను వెబ్ పేజీలో కాన్వాస్ (కోడ్‌తో బొమ్మ గీసే చోటు) మీద గీశారు. ప్లాటు మీద నొక్కితే దాని నంబరు రావాలి. కాలువ వెంబడి ఏటవాలుగా ఉన్న ప్లాట్ల మీద నొక్కితే పక్క ప్లాటు నంబరు వస్తోంది. కరెంటు స్తంభం గుర్తు మీద నొక్కినా దాని కింద ఉన్న ప్లాటే పలుకుతోంది.

గుంటూరులో నేనూ ఇలాగే దెబ్బతిన్నాను, అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను. మిర్చి యార్డు దగ్గర ఒక కోల్డ్ స్టోరేజ్‌కి ఛాంబర్ మ్యాప్ చేశాను. ఒక్కో లాటు, అంటే ఒక రైతు దించిన సరుకు, ఒక్కో రంగు గడి. గడి మీద నొక్కితే రైతు పేరు, రకం, టిక్కీల (మిర్చి బస్తాల) లెక్క కనిపించాలి. ఇంట్లో నా ల్యాప్‌టాప్‌లో చక్కగా పనిచేసింది. అక్కడ ఆఫీసులో గుమస్తా ఒక తేజ రకం మిర్చి లాటు మీద నొక్కితే పక్కనున్న 341 లాటు రైతు పేరు వచ్చింది. బయట లారీ నిలబడి ఉంది, హమాలీలు ఎదురు చూస్తున్నారు. ఒకరి సరుకు ఇంకొకరి పేరున గేటు దాటితే ఎంత గొడవో యార్డు ఎరిగినవాళ్లకు చెప్పక్కర్లేదు. ఆ పూట పడిన టెన్షన్ నాకు ఇంకా గుర్తుంది.

వెతికితే గడుల్లో తప్పు లేదు, మౌస్ లెక్కలో ఉంది. నేను కాన్వాస్‌ను 1200 పిక్సెళ్ల వెడల్పుతో గీశాను. వాళ్ల చిన్న మానిటర్‌లో సీఎస్ఎస్ (పేజీ రూపాన్ని చూసుకునే కోడ్) దాన్ని 900కి కుదించింది. అప్పుడు తెర మీద ఎడమ అంచు నుంచి 600 దగ్గర పడిన క్లిక్, బొమ్మలో 800 దగ్గర పడినట్టు. కాబట్టి ముందు క్లయింట్‌ఎక్స్ (క్లిక్ అడ్డంగా ఎక్కడ పడిందో చెప్పే విలువ) లోంచి, గెట్‌బౌండింగ్‌క్లయింట్‌రెక్ట్ అనే ఫంక్షన్ ఇచ్చే కాన్వాస్ ఎడమ అంచు విలువ తీసేయండి. వచ్చినదాన్ని కాన్వాస్ అసలు వెడల్పుతో గుణించి, తెర మీది వెడల్పుతో భాగించండి. నిలువుకూ ఇదే లెక్క. కాన్వాస్‌కు బోర్డర్ పెట్టి ఉంటే దాన్ని బయటి డివ్‌కి (కాన్వాస్‌ను చుట్టి ఉన్న పెట్టెకి) మార్చండి, లేకపోతే ఆ మందం కూడా ఈ లెక్కలో కలుస్తుంది.

మీది ఈ జబ్బేనా అని తేల్చుకోవడానికి ఒక పని చేయండి. క్లిక్ పడిన ప్రతిసారీ, మీరు లెక్కగట్టిన చోట చిన్న ఎర్ర చుక్క పెట్టండి. చుక్క మౌస్ మొన కిందే పడాలి. ఎడమ వైపు సరిగ్గా పడి, కుడికి పోయేకొద్దీ తేడా పెరుగుతుంటే వెడల్పుల నిష్పత్తి మర్చిపోయారన్నమాట. అంతటా ఒకే తేడా ఉంటే అంచు తీసేయలేదు. నాకు ఆ రోజు దారి చూపింది ఈ చుక్కే. మిగతా కోడ్ ముట్టుకునే ముందు ఇది చూడండి.

చుక్క సరిగ్గానే పడుతుంటే మీ సమస్య ఆకారాల్లో ఉంది. కాన్వాస్‌కు ప్లాటు అంటే ఏమిటో తెలియదు, గీసిన మరుక్షణం దాని దగ్గర మిగిలేవి రంగు చుక్కలే. ప్లాట్ల మూలలు, నంబర్లు మీరే ఒక అరేలో, అంటే వరుస జాబితాలో, దాచుకోవాలి. మీరు బహుశా ప్లాటు చుట్టూ నిలువుగా అడ్డంగా గీసిన పెట్టెతో చూస్తున్నారు. ఏటవాలు ప్లాటు పెట్టె పక్క ప్లాటులోకి చొచ్చుకుపోతుంది, అందుకే పక్క నంబరు వస్తోంది.

దీనికి పొలం గట్ల లెక్క ఉంది. మీరు నిలబడిన చోటు నుంచి కుడికి నేరుగా నడుస్తూ పోండి, ఆ చేను గట్లు ఎన్ని దాటారో లెక్కపెట్టండి. బేసి అయితే మీరు బయలుదేరింది చేను లోపలి నుంచి, సరి అయితే బయటి నుంచి. చేను ఎంత వంకరగా ఉన్నా ఈ లెక్క తప్పు పోదు. ఒక్క చోట జాగ్రత్త పడాలి. నడక సరిగ్గా మూల మీదుగా పోతే ఒకే మూలను రెండు గట్లుగా లెక్కపెట్టే ప్రమాదం ఉంది. గట్టు ఒక కొస వై విలువ (నిలువు కొలత) మీ క్లిక్ చుక్క వై కంటే ఎక్కువ, రెండో కొసది ఎక్కువ కాదు అన్నప్పుడే దాటినట్టు లెక్కించండి. మూలల గొడవ పోతుంది.

ఇది సొంతంగా రాయకుండా ప్లాటు గీతను పాత్2డీ అనే వస్తువుగా దాచి, చుక్క దాని లోపల ఉందో లేదో చెప్పే ఈజ్‌పాయింట్‌ఇన్‌పాత్ ఫంక్షన్‌ను అడగొచ్చు. నేనిప్పుడు అదే వాడుతున్నాను. కానీ బొమ్మ సైజు మార్చే స్కేల్, తిప్పే రొటేట్ వాడి ఉంటే అవి పాత్‌కు వర్తిస్తాయి, మీరిచ్చే చుక్కకు వర్తించవు. చుక్కను ఎప్పుడూ కాన్వాస్ అసలు పిక్సెళ్లలోనే ఇవ్వండి.

ఇక స్తంభం. చివర గీసింది పైన ఉంటుంది కదా, వెతికేటప్పుడు అరేను చివరి నుంచి మొదటికి చూస్తూ, మొదట దొరికినదాని దగ్గర ఆగిపోండి. స్తంభం వృత్తం కాబట్టి కేంద్రం నుంచి దూరం వ్యాసార్ధం కంటే తక్కువా అని చూస్తే చాలు. ఆ వ్యాసార్ధానికి నాలుగైదు పిక్సెళ్లు కలపండి. అంత చిన్న గుర్తు మీద గురి చూసి నొక్కడం పెద్దవాళ్లకు కష్టం.

దాచిన రెండో కాన్వాస్‌లో ఒక్కో ఆకారానికి ఒక్కో రంగు వేసి, క్లిక్ పడిన చోటి రంగును బట్టి గుర్తుపట్టే పద్ధతి కూడా ఉంది. ఆకారాలు వేలల్లో ఉంటే బాగుంటుంది. అయితే అంచుల్లో రంగులు కలిసి, లేని నంబరో వేరే ప్లాటు నంబరో రావచ్చు. మీకు అంత అవసరం లేదు.

నిజానికి మీవి వంద, రెండు వందల ప్లాట్లే అయితే నేను ఎస్‌వీజీలో (వెబ్ పేజీలో ఆకారాలు గీసే ఇంకో పద్ధతి) గీయమంటాను. అక్కడ ప్రతి ఆకారం విడిగా బతికి ఉంటుంది, ఈవెంట్ టార్గెట్ (క్లిక్ దేని మీద పడిందో చెప్పేది) చూస్తే ఏ ప్లాటో తెలిసిపోతుంది. ఆకారం లోపలి రంగైన ఫిల్‌ను మాత్రం నన్ (ఏమీ లేదు) అని పెట్టకండి, ప్లాటు మధ్యలో నొక్కితే క్లిక్ పట్టదు. ట్రాన్స్‌పరెంట్ అని పెట్టండి, పడుతుంది.

కాన్వాస్‌లోనే కొనసాగితే, ఇవన్నీ చేశాక కూడా కాలువ పక్క తేడా వస్తుంటే ఆ ప్లాటు మూలల విలువలు, ఎర్ర చుక్క ఎక్కడ పడుతోందో ఇక్కడ పెట్టండి. రాత్రికి కూర్చుని చూస్తాను.